వంటింటి వెనక ఇంజిన్

నట్టు ఇంకో పావు చుట్టు తిప్పి, రెంచ్ టక్కుమనగానే ఆపి, వంగి చూశాను. కింద పరిచిన న్యూస్‌పేపర్ మీద మళ్ళీ చుక్క. అప్పుడే మార్చిన పేపర్ అది, పొద్దున్నుంచి నాలుగోది. ఆయిల్ పోసి నాలుగు రోజులే అయింది, ఇంకా స్టార్ట్ కూడా చెయ్యలేదు, ఊరికే కూర్చునే కారుతోంది. ఏడుపొచ్చింది. రెంచ్ విసిరేద్దామనిపించింది కానీ అది అంకుల్‌ది.

అంకుల్ అంటే మా ఓనర్. మేం ఆయన ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఆయన ఇక్కడే, ఈ పరాయి దేశంలోనే పుట్టిన తెలుగువాడు, మాట చివర ఇక్కడివాళ్ళలాగే 'లా' తగిలిస్తాడు, ఒంటరి మనిషి. ఆయనకి నలభై ఏళ్ళ నాటి గుండ్రటి కారొకటి ఉంది. రేడియేటర్ ఉండదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు, ఇంజిన్‌ని గాలే చల్లబరుస్తుంది. తణుకులో మా నాన్నది స్కూటర్ల షెడ్డు. టెన్త్ తప్పాక మూడేళ్ళు అక్కడే స్పానర్లు అందించాను, తర్వాత నేనే విప్పేదాన్ని. స్కూటర్‌దీ గాలి ఇంజినే కదా, నేను చేస్తానన్నాను. ఆయన చేతులు వణుకుతాయి, సన్న పని కుదరదు. మా ఆయన పొద్దున్నే పాయా లేబర్ అనే పేటలో ఏసీలు బాగుచేయడానికి వెళ్ళిపోతే నాకు ఇంట్లో గోడలే. అలా మొదలైంది.

ఊరి చివర క్రాంజీ వైపు ఉన్న షెడ్డులో బండి నుంచి ఇంజిన్ దింపించి, లిఫ్ట్‌లో పైకి తెచ్చి, వంటింటి వెనక వాషింగ్ మెషీన్ పక్కన పెట్టాం. పాతవి తీసేసి పెద్ద సిలిండర్లు, కొత్త పిస్టన్లు, ఇంకాస్త పెద్ద ఆయిల్ కూలర్ వేయాలని ప్లాను. ఇంకో పన్నెండు రోజుల్లో ఇన్‌స్పెక్షన్. ఆ రోజుకి బండి నడిచి వెళ్ళకపోతే దాని కాగితాల గడువు అయిపోతుంది, ఇక తుక్కుకే. ఈ ఊళ్ళో కాగితాల్లేని కారుని ముచ్చటకైనా దాచుకోనివ్వరు.

మా ఆయనకి ఇదంతా నవ్వులాట. బట్టలు ఉతుక్కోవడానికి చోటు లేదని రోజూ సణుగుతాడు. ఆ చుక్కలు చూసి, డైపర్ తెచ్చి కట్టు, ఆఫర్‌లో ఉన్నాయి అన్నాడు. నేను ఇంకో పేపర్ పరిచాను. ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. ఎందుకొస్తోందో కూడా తెలుసు. నాలుగు రోజులుగా తెలియనట్టు నట్లు బిగిస్తున్నాను, అంతే.

ఇంజిన్ పొట్ట రెండు ముక్కలుగా ఉంటుంది. పుస్తకం మూసినట్టు రెండూ కలిపి బిగించాలి. మధ్యలో ప్యాకింగ్ ఏమీ ఉండదు, పల్చగా పేస్ట్ రాస్తారు, అంచులు అద్దంలా ఉంటేనే పట్టు. అంకుల్ కిరోసిన్‌తో కడిగి వదిలెయ్యమన్నాడు. కడిగాను. మసి పోయింది కానీ బూడిదరంగు పోలేదు. శుక్రవారం పూజ సామాన్లు తోముకుంటుంటే చింతపండు గుజ్జు మిగిలింది. దీపపు కుందులు అద్దాల్లా మెరుస్తున్నాయి, ఇది మాత్రం ఎందుకిలా ఉండాలి అనుకున్నాను. పట్టించి రుద్దాను. బుసబుసా నురగ వచ్చింది. మురికి కదులుతోందని ఎంత సంబరపడ్డానో. కడిగాక చూస్తే నల్లగా మాడినట్టుంది, అంచు మీద వేలు పెడితే గరుకు గరుకుగా తగిలింది. పీచుతో రుద్ది, పేస్ట్ కొంచెం మందంగా రాసి, మూసేశాను. అంకుల్‌కి చెప్పలేదు.

నాలుగో పేపరూ తడిసిన ఆ సాయంత్రం అంకుల్ టార్చి వేసుకుని కిందంతా వెతికాడు. సీల్ అన్నాడు, కాదు. డ్రెయిన్ బోల్ట్ అన్నాడు, అదీ పొడిగానే ఉంది. చివరికి పేస్ట్ మీద పడ్డాడు. అది అమ్మిన షాపాయనకి ఫోన్ చేసి, మలయ్‌లోనూ తమిళంలోనూ తిట్టడం మొదలుపెట్టాడు. నాకర్థమైనంతలో, పాత సరుకు అంటగట్టావనీ, ముప్పై ఏళ్ళ స్నేహానికి ఇదా మర్యాదనీ. అవతలాయన ఏదో చెప్పుకుంటున్నాడు, ఈయన వినట్లేదు. నా చెవులు కాలిపోయాయి.

"అంకుల్, ఆయన్నేమీ అనకండి. నేనే, చింతపండేసి తోమాను."

ఆయన ఫోన్ కిందికి దించాడు. కట్ చెయ్యలేదు, ఊరికే దించాడు.

"చింతపండా?"

"పూజ సామాన్లతో పాటు."

"అయ్యో అమ్మాయ్. అది ఇత్తడి కాదు లా, అల్యూమినియం కూడా కాదు. మెగ్నీషియం. పులుపు తగిలితే తినేస్తది." టార్చి మళ్ళీ అంచు మీదికి తిప్పి, "ఎప్పుడు చేసినావ్?" అన్నాడు.

"పోయిన శుక్రవారం."

"మరి ఇన్ని దినాలు నట్లు బిగిస్తా ఉన్నావే, దేనికి?"

ఆయన కోప్పడి ఉంటే బావుండేది. టార్చి ఆర్పి వాషింగ్ మెషీన్ మీద పెట్టాడు. పన్నెండు దినాల్లో ఇంకేం అయ్యేది లేదు, తుక్కు వాళ్ళకి నేనే చెప్పేస్తాలే అని గదిలోకి వెళ్ళాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. మా ఆయన కూడా ఆ పూట జోకులెయ్యలేదు. చింతపండు సంగతి నాతోనైనా చెప్పాల్సింది కదే అని మాత్రం అన్నాడు. చెప్తే నువ్వు నవ్వుతావని చెప్పలేదన్నాను. నవ్వేవాణ్ణే అని ఒప్పుకున్నాడు.

తెల్లారి ఐదుకే లేచి ఆయిల్ దించేసి ఇంజిన్ విప్పడం మొదలుపెట్టాను. సిలిండర్లు, పిస్టన్లు వరసగా న్యూస్‌పేపర్ మీద పేర్చాను. షాపు తెరిచే వేళకి ఆ షాపాయనకి ఫోన్ చేశాను. తప్పు నాది, మీది కాదు, క్షమించండి అని నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో ముందు అది చెప్పాను. తర్వాత, పులుపు అంచులు తినేసిన పొట్టని మళ్ళీ చదును చేసేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. ఆయన క్రాంజీలో ఒక లేత్ షాపు పేరు చెప్పి, వారం పడుతుంది, గ్యారంటీ ఏం లేదు, ఈ రోజే తీసుకెళ్ళు అన్నాడు. మధ్యాహ్నానికి రెండు ముక్కలూ విడిపోయాయి. తువ్వాళ్ళలో చుట్టి, కూరల ట్రాలీలో పెట్టుకుని, అంకుల్ గది తలుపు కొట్టి ఎక్కడికి వెళ్తున్నానో చెప్పి, బస్టాపుకి నడిచాను.