ఆఖరి రౌండుకి ఆవిరమ్మ పాట

డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో, పొగమంచు లాంటి ఆవిరిలో మొహం కనపడకుండా ఇస్త్రీ చేసే మనిషికి ఆవిరమ్మ అని పేరు పెట్టిందెవరో ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే పలకదు. నలభై దాటిన మనిషి. ఇద్దరి పని ఒక్కతే చేస్తుంది, నలుగురి మాటలు ఒక్కతే మాట్లాడుతుంది. పాటంటే చెవి కోసుకుంటుంది. వినడం దగ్గరే ఆగిపోతే మనకీ గొడవ ఉండేది కాదు.

ఆవిడ స్టీమ్ ప్రెస్సు పెడలు తొక్కగానే ధబ్బున మూతపడుతుంది, స్స్‌మని ఆవిరి వదులుతుంది, టిక్కున మళ్ళీ మూత లేస్తుంది. ఇన్నేళ్ళూ విన్న చప్పుడే ఒకరోజు ఉన్నట్టుండి నడుము ఊపించింది. అంతే, ఫోనులో రికార్డు చేసేసింది. మొగుడి పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని ముక్కలు చేసి, వరస మార్చి అతికించి, కింద బాస్ దరువు పరిచి, పైన హ్యాంగర్ల గలగల చల్లి, వారం తిరక్కుండానే ఓ డాన్సు పాట తయారు చేసి కూర్చుంది. షాపు బట్టలు ఇంటింటికీ చేరవేసే వ్యాను డ్రైవరే ఆవిడ మొగుడు. ఆయన పాటంతా విని, కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"బానే ఉంది గానీ, అన్నీ ఒకేసారి మాట్లాడుతున్నాయే. అచ్చం మీ పుట్టింటివాళ్ళు భోజనాలకి కూర్చున్నట్టుంది," అన్నాడు.

ఆవిరమ్మకి ఒళ్ళు మండింది. ఆయన అన్నది నిజమే కావడంతో ఇంకాస్త మండింది. మిక్సింగ్ నేర్చుకోవాలన్న పంతం అప్పుడు పట్టింది. ఇంటర్నెట్ వీడియోల్లో ఓ గుండాయన దొరికాడు. ఫొటోకి నిలబడ్డప్పుడు ఒకరి వెనక ఒకరు దాక్కోకుండా అందరి మొహాలూ కనపడేలా నిలబెట్టడమే మిక్సింగ్ అని ఆయన చెప్పాడు. అలా కుదిరిన పాట ఏ స్పీకరులోనైనా నిండుగా వినపడేలా చివర్లో తీర్చిదిద్దడం మాస్టరింగ్ అన్నాడు. ఆ రెండోది ఆవిరమ్మకి ఇట్టే అర్థమైంది. డెలివరీకి ముందు చివరి ఇస్త్రీ అన్నమాట.

ఆవిడ ఆడపడుచు స్కేటింగ్ హాల్లో చక్రాల బూట్లు ఇచ్చే కౌంటర్లో పనిచేస్తుంది. కడుపులో మాట దాచుకునే మనిషి కాదు. మా వదిన పాటలు చేస్తుందని హాలు యజమాని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన విసిగిపోయి సరేనన్నాడు. శనివారం హాలు మూసేముందు ఆఖరి రౌండుకి ఏళ్ళ తరబడి ఒకటే పాట అరిగిపోతోంది, వేసవి మొదటి శనివారం కొత్తది తెమ్మను, నచ్చితే ఇకనుంచీ అదే, నచ్చకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తొద్దు అన్నాడు.

తను చేసిన పాటకి హాలు నిండా జనం గిర్రున తిరుగుతారన్న ఊహకే ఆవిరమ్మ కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ వారంలో ఒకాయన ప్యాంటుకి మూడు మడతలు పెట్టి ఇస్త్రీ చేసింది.

అది చలికాలం. షాపు నిండా ఉన్ని కోట్లు, కంబళ్ళు, బొంతలు, గోడ కనపడకుండా వేలాడుతున్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళ షాపు మూసినప్పుడు వాటి మధ్యే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. ఎంత దిద్దినా పాట ఏదో దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టే ఉండేది. ఇంకాస్త మెరవాలి అనుకుని, సన్నటి చప్పుళ్ళని పైకి తెచ్చే ట్రెబుల్ పెంచింది. మర్నాడు మళ్ళీ పెంచింది. చలికాలమంతా పెంచుతూనే పోయింది. చివరికి పాట తళతళలాడింది. మాస్టరింగ్ కూడా చేసేసి, గుండు గురువుగారికి మనసులోనే ఓ నమస్కారం పెట్టింది.

ఎండలు మొదలయ్యాయి. జనం కోట్లు, కంబళ్ళు పట్టుకుపోయారు. శనివారం ఇక దగ్గరకొచ్చిందనగా ఆవిరమ్మ ముచ్చటపడి పాట మళ్ళీ పెట్టుకుంది. చెవుల్లో సూదులు దిగాయి. హ్యాంగర్లు గలగలలాడటం లేదు, కీచుమంటున్నాయి. పాటని ఎవరో కెలికారని ముందు మొగుడి మీద విరుచుకుపడింది, తర్వాత ఆడపడుచు మీద, ఆ తర్వాత ల్యాప్‌టాప్ మీద. ఎవరి మీదా నేరం రుజువు కాకపోయేసరికి నా చెవులే పాడైపోయాయని ఏడుపు ముఖం పెట్టింది.

స్పీకరు పట్టుకుని గదంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, ఓ హోటలు వాళ్ళు ఇంకా పట్టుకెళ్ళని కంబళ్ళ వరసలోకి దూరింది. పాట మళ్ళీ ముద్దుగా వినిపించింది. తల బయటపెట్టింది. సూదులు. లోపల పెట్టింది. ముద్దుగా ఉంది. బయట, లోపల, బయట. వ్యాను ఆపి లోపలికొచ్చిన మొగుడికి పెళ్ళాం తల కంబళ్ళలోంచి తాబేలు తలలా వచ్చిపోతూ కనిపించింది.

"ఏమైందే నీకు?"

"దొంగలు దొరికారండీ. ట్రెబుల్ అంతా ఈ కంబళ్ళే మింగేశాయి. నేనేమో చాల్లేదనుకుని వడ్డిస్తూ పోయాను," అంది, నవ్వు ఆపుకోలేక కంబళి పట్టుకుని ఊగిపోతూ.

నేరం తన చెవులది కాదని తేలగానే ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పటికప్పుడు మొదటినుంచీ మిక్సింగ్ చేసింది. ఈసారి ఏ గదినీ నమ్మలేదు. పిల్లి పిల్లల్ని తిప్పినట్టు పాటని వంటింట్లోకి, మేడ మెట్ల మీదకి, మొగుడి వ్యానులోకి తిప్పింది. వ్యాను తలుపులు వణికితే బాస్ తగ్గించింది. మొగుడు మాత్రం పాట కంఠతా వచ్చేసి బట్టలు ఇవ్వబోయిన ప్రతి గుమ్మంలోనూ ధబ్ స్స్ టిక్ అనుకుంటూ నిలబడేవాడు.

శనివారం సాయంత్రం హాలు తలుపులు తీయకముందే యజమాని పాట పెట్టించాడు. ఖాళీ హాలు, నున్నటి నేల, ఎత్తైన రేకుల కప్పు. ఒక్కో దెబ్బా గోడకి తగిలి నాలుగై తిరిగొచ్చింది.

"నూతిలో బిందెలు పడ్డట్టుంది కదమ్మా. పాతదే వేసుకుంటాలే," అన్నాడు.

ఆడపడుచు మొహం మాడిపోయింది. ఆవిరమ్మ మాత్రం కప్పు వైపు చూసి, నేల వైపు చూసి, తాపీగా అంది.

"హాలు ఖాళీగా ఉందని మోత వస్తోంది సార్. పాటలో లేదది. జనం నిండితే వాళ్ళ ఒళ్ళే, బట్టలే మోతని పీల్చేస్తాయి. ఆఖరి రౌండుకి ఒక్కసారి వేసి చూడండి."

"తగ్గకపోతే?"

"మధ్యలోనే కట్టేయండి. మళ్ళీ మీ గుమ్మం తొక్కను."

జనం వచ్చారు. ఇసకేస్తే రాలనంత మంది. ఆఖరి రౌండుకి యజమాని ఒక వేలు స్విచ్చు మీదే ఉంచి పాట మొదలుపెట్టాడు. ధబ్. మోత లేదు. స్స్. చెవిలో సూది లేదు. టిక్ దగ్గర హాల్లో జనమంతా ఒక్కసారిగా వంపు తిరిగారు. ఆవిరమ్మ కౌంటరు పట్టుకుని, కళ్ళు మూసుకుని బాస్ సరిపోయింది, హ్యాంగర్లు సరిపోయాయి అనుకుంటూ ఉండగానే ఆడపడుచు ఆవిడ కాళ్ళకి చక్రాలు కట్టేసింది.

"అమ్మాయ్, నాకు రాదే."

"నాకొచ్చుగా వదినా," అంటూ ఆడపడుచు లాక్కుపోయింది.

ఆవిరమ్మ రెండుసార్లు కూలబడింది, మూడోసారి ఎవరిదో చొక్కా పట్టుకుని వేలాడింది. నాలుగో చుట్టుకి రెండు చేతులూ గాల్లోకి లేపి, పగలబడి నవ్వుతూ దూసుకుపోయింది. స్విచ్చు మీది వేలు ఎప్పుడు తీశాడో ఏమో, యజమాని భుజాలు ఎగరేస్తున్నాడు. పాట అయిపోగానే మళ్ళీ వేయమని జనం గోల పెట్టారు.

"ఇక ప్రతి శనివారం ఇదే," అని ఆయన కౌంటర్లోంచే కేకేశాడు.

వగరుస్తూ, జుట్టంతా రేగిపోయి గోడకి ఆనుకున్న ఆవిరమ్మ దగ్గరికి, అప్పుడే డెలివరీలు ముగించుకుని వ్యాను ఆపిన మొగుడు గబగబా వచ్చాడు.

"ఏమే, చివర్లో బాస్ కుదిరిందా?"

"ఏమోనండీ," అందావిడ. "నేను వినలేదు."