ఎన్ని ఎకరాలండీ?

చేపలు బతకడానికి మందు అడిగితే, చచ్చే మందు ఇచ్చాడు ఆక్వా షాపాయన.

మంచం పట్టిన నా భార్య రోజంతా చూస్తూ గడిపేది ఏలూరులో మా గదిలోని అద్దాల తొట్టిలో తిరిగే మూడు చేపల్నే. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుందని, అది చేపలకు పడదని చదివి, దాన్ని పోగొట్టే మందు కోసం ఆ షాపుకెళ్లి, "చేపల నీళ్లలో వేసే మందివ్వండి" అన్నాను.

"ఎన్ని ఎకరాలండీ?" అన్నాడాయన.

వేళాకోళమనుకుని, "పదెకరాలు" అన్నాను.

మందు కలిపిన కొత్త నీళ్లు పోసిన గంటలోనే మూడూ తేలిపోయాయి. "ఏవండీ, అవి కదలట్లేదేం?" అంది నా భార్య.

డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు లేబుల్ చదివాను. అది చేపల రైతులు ఎకరాల చెరువుల్లో క్రిములు చావడానికి వాడే, నీళ్లలో క్లోరిన్ కలిపే మందు! సీసా పట్టుకెళ్లి నలుగురిలో నిలదీశాను. ఆయన గొంతు పెంచలేదు. ఆ జవాబే నన్ను వదలడం లేదు:

"పదెకరాలన్నది మీరే కదండీ. ఇంట్లో తొట్టికని ఒక్క ముక్క చెప్పుంటే, ఆ మందు నా దగ్గర లేదని పంపేసేవాణ్ణండీ."