ఒక్క మాత్ర కూడా లేకుండా

"బాగా ఒళ్ళు చేశావమ్మా" అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒంటికి కారం రాసినట్టు ఉంటది. అనేవాళ్ళు మంచి మనసుతోనే అంటారు, తెలుసు. జబ్బుపడి లేచిన మనిషి లావెక్కితే కోలుకున్నట్టే మా వాళ్ళకి. మా శ్రీకాకుళం వైపు అంతే, ఇక్కడ హిందీవాళ్ళ మధ్య కిరండూల్ రైల్వే కాలనీలో ఉన్న మా తెలుగు కుటుంబాలకీ అంతే. ఆ ఒక్క నమ్మకం పట్టుకుని నన్ను ఏళ్ళ తరబడి వేపుకు తిన్నారు.

జబ్బంటే చిన్నది కాదు. మెడ పక్కన చింతగింజంత గడ్డ లేచింది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే నిమ్మకాయంత అయింది. విశాఖపట్నం తీసుకెళ్తే క్యాన్సరన్నారు. సెలైన్లలో క్యాన్సర్ మందు ఎక్కించారు, ఆ తరవాత మెడకి కరెంటు పెట్టారు. రేడియేషన్ని మేం కరెంటు పెట్టడం అనే అంటాం. మొహానికి జల్లెడలాంటి తొడుగు బిగించి బల్లకి కదలకుండా నొక్కేసేవారు. మెడ తోలు కమిలిపోయింది, గుక్కెడు మజ్జిగ దిగాలన్నా కళ్ళ నీళ్ళొచ్చేవి. అన్నాళ్ళూ మా ఆయన నా పక్కనుంచి కదల్లేదు. గిన్నెలు కడిగాడు, నా జడ వేశాడు, జుట్టు ఊడిపోయినప్పుడు ఆ జుట్టు ఊడ్చాడు. అది నేను మర్చిపోను. మర్చిపోను కాబట్టే తరవాత ఆయన చేసింది మరీ మండిస్తది.

ఇంటికొచ్చాక మా క్వార్టర్ ముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టారు. మా చర్చి సంఘంలో ఎవరు గండం గట్టెక్కినా అలాంటి కూడిక ఉంటది. పాటలు, బైబిలు వాక్యం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యం, ఆఖర్న భోజనాలు. నాది బాగా పెద్ద గండం కాబట్టి ఏటేటా పెట్టాలన్నారు. పాట ఎత్తేదాన్ని నేనే. కరెంటు పెట్టినా నా గొంతు చెడలేదు, దానికే జనం నోళ్ళు తెరిచేవాళ్ళు. నేను పాట ఎత్తితే అవతల వీధిలో హిందీవాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. సాక్ష్యం మాత్రం మా ఆయనే చెప్పేవాడు. దాని చివర ఒక మాట ఉండేది. "ఈ రోజున నా భార్య ఒక్క మాత్ర కూడా లేకుండా మీ ముందు నిలబడింది!" అనగానే అందరూ ఆమెన్ అని చప్పట్లు. ఆ మాట అందరికీ అంత నచ్చేసింది, ఇక తీయడానికి వీల్లేకపోయింది.

ఏడాదికోసారి విశాఖపట్నం రమ్మన్నారు డాక్టర్లు. ఒక్కసారి వెళ్ళాం. మళ్ళీ ఏడు నేను గుర్తు చేస్తే, "బాగయిపోయిందని చెప్పుకుంటూనే పరీక్షలకి పరిగెత్తితే ఏటనుకుంటారే జనం?" అన్నాడు. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, వద్దని అనలేదు. వెళ్ళమనీ అనలేదు.

తరవాత మొదలైంది నా సంబరం. మే నెలలో స్వెట్టరు. అన్నం గిన్నె ముందు కూర్చుంటే కునుకు. మెట్లెక్కితే కాళ్ళు బియ్యం బస్తాల్లా బరువు. మడమలు పగిలాయి, కనుబొమలు చివర్లలో ఊడిపోయాయి, పొద్దున్న లేస్తే మొహం ఉబ్బి కళ్ళు పూడుకుపోయి ఉండేవి. ఉప్పు డబ్బా చేతిలో పట్టుకుని ఉప్పు కోసం వెతికేదాన్ని. పక్కనే బచేలీలో ఉండే మా ఆడపడుచు వచ్చి చూసి, "అబ్బో, మా వదిన దొరసాని అయిపోయిందిలే, పడుకోవడం తినడమే" అని నవ్వింది. తినడమా! రెండు ముద్దలు దిగితే గొప్ప. అయినా ఒళ్ళు పెరుగుతానే ఉంది. ఆ పెరిగినదాన్ని చూసి మా వాళ్ళు దేవుడికి స్తోత్రం చెబుతున్నారు. ఎవరితో మొత్తుకోను?

అన్నిటికన్నా గొంతు పోయింది చూడండి, అదీ నా ఏడుపు. మెల్లిమెల్లిగా బొంగురుపోయి మగాడి గొంతయింది. ఓ ఆదివారం పాట ఎత్తితే సగంలో ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో అందుకున్నారు. పై ఆదివారం నుంచి ఎత్తమని నన్ను అడగలేదు. ఇంటికొచ్చి ఏడిస్తే, "వయసొచ్చాక గొంతు అలాగే ఉంటాదేటి? ప్రాణం దక్కింది చాల్లే" అన్నాడు మా ఆయన. ప్రాణం దక్కింది చాల్లే! ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఒకసారి చావు తప్పించుకున్నదానికి ఇక నడుం నొప్పి అనే హక్కు కూడా లేదన్నమాట.

బయటపడింది కూడా నా కోసం వెళ్తే కాదు. ఆడపడుచుకి మోకాళ్ళ నొప్పులని తోడుగా జగదల్‌పూర్ ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ ఆమె మోకాలు నొక్కుతా నన్నేదో అడిగింది, నేను జవాబు చెప్పాను. నా గొంతు వినగానే ఆవిడ మోకాలు వదిలేసి నా వైపు తిరిగింది. "గర్దన్ మే సికాయీ హుయీ థీ క్యా?" అంది. గర్దన్ అంటే మెడ. ఇక్కడి హిందీలో కరెంటు పెట్టడాన్ని సికాయీ అంటారు, రొట్టె కాల్చడానికీ అదే మాట. అయిందన్నాను. నెత్తి కొట్టుకుంది. మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటదట, మెడకి కరెంటు పెట్టిన చాలామందికి ఏళ్ళు గడిచాక అది మందగిస్తదట, ఏడాదికోసారి రక్తం చూపించుకుంటే చాలు ముందే తెలిసిపోతదట. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా?" అని అడిగింది. ఎక్కడున్నానని చెప్పను, షామియానా కింద ఉన్నానని చెప్పనా?

రక్తం తీశారు, అదే అని తేలింది. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర. మింగాక అరగంటకి పైగా టీ కూడా తాగకూడదు. బతికినన్నాళ్ళూ వేసుకోవాలి, మానేస్తే మగత కమ్మి ప్రాణం మీదికి రావచ్చట. నాకు కోపం రాలేదు, సంతోషమేసింది. నేను బద్ధకస్తురాలిని కాదని ఇంత చిన్న తెల్ల బిళ్ళ సాక్ష్యం చెప్పింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొహం మాడిపోయింది. "వేసుకో, వద్దన్లేదు. కూడికలో మాత్రం అనకు" అన్నాడు. "ఎందుకండీ?" అంటే, "అది క్యాన్సర్ మాత్ర కాదు కదే" అన్నాడు. అక్కడినుంచి నా సొంతింట్లో నేను ఆవాల డబ్బా వెనక మాత్రలు దాచుకుని, దొంగ పిల్లిలా మింగడం మొదలుపెట్టాను. పొద్దున్నే ఎవరైనా వస్తే వాళ్ళకి టీ పెట్టిచ్చి, నాకెందుకు లేదంటే పళ్ళు తోముకోలేదని బొంకేదాన్ని. అయినా నెలలు గడిచేకొద్దీ వాపు దిగింది, చలి తగ్గింది. గొంతు కూడా కాస్త కాస్తగా తిరిగొస్తా ఉంది.

ఆ ఏడు కూడిక రోజు పెరట్లో ఉల్లిపాయలు కోస్తున్నాం. నా పక్కన కూర్చున్న పిల్ల కొత్తవలస నుంచి పోయినేడు ఇక్కడికొచ్చింది, మొగుడు ఇక్కడ లోకో షెడ్డులో పని. నిండా ముప్పై ఉండవు. ఎండ మండిపోతుంటే చెవులకి మఫ్లరు చుట్టుకుంది. మొహం ఉబ్బి ఉంది, మాట బండరాయి దొర్లినట్టు నెమ్మదిగా వస్తోంది. అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టే ఉంది. "నీకూ మెడకి కరెంటు పెట్టారా తల్లీ?" అన్నాను. "అవునక్కా" అని నవ్వింది. "థైరాయిడ్ మాత్రలు కూడా ఇచ్చారు. పోయినేడు మీ సాక్ష్యం విన్నాక మానేశాను. మీలాగా విశ్వాసంతో ఉందామని."

కోస్తున్న ఉల్లిపాయ పక్కన పడేశాను. మానకూడదు, రేపటినుంచే వేసుకో అన్నాను. "మీరు వేసుకోవట్లేదు కదక్కా" అంది. అంతలో మైకులో మా ఆయన గొంతు మొదలైంది.

నేను ముందుకెళ్ళి నిలబడ్డాను. ఎప్పటిలాగే ఆఖరికొచ్చి "ఒక్క మాత్ర కూడా లేకుండా" అన్నాడు. చప్పట్లు పడకముందే మైకు లాక్కున్నాను. "వేసుకుంటున్నాను. రోజూ. పొద్దున్న కూడా వేసుకున్నాను. దేవుడు బతికించాడు, డాక్టర్లు బతికించారు, ఇప్పుడు మాత్ర బతికిస్తంది. కరెంటు పెట్టించుకున్నవాళ్ళు ఎవరున్నా రక్తం చూపించుకోండి, ఇచ్చిన మాత్ర మానకండి" అన్నాను. ఒక్కడంటే ఒక్కడు ఆమెన్ అనలేదు. అయ్యగారు లేచి, మా సహోదరి విశ్వాసం బలపడాలని ప్రార్థన చేశారు. ఆ పిల్లని మొగుడు భోజనానికి కూడా ఉండనీయకుండా తీసుకెళ్ళిపోయాడు. మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె, ఆ వారం నేను మాత్ర అందరి ముందూ నడింట్లో నిలబడి వేసుకున్నాను.

తరవాత మా గుమ్మం ముందు షామియానా వెయ్యలేదు. మొన్న వర్షాలు తగ్గాక లోకో షెడ్డు వైపు క్వార్టర్లలో మైకు వినిపించింది. కృతజ్ఞత కూడిక. మమ్మల్ని పిలవలేదు. పాట ఎత్తింది ఆడగొంతే, కానీ బొంగురుగా, మందంగా ఉంది. ఆ గొంతు నాకు తెలుసు. నాలుగేళ్ళు నా మెడలో ఉన్న గొంతది. పాట అయ్యాక మొగుడి సాక్ష్యం. చివర్న ఏ మాట చెప్పాడో నేను రాయక్కర్లేదు. ఆమెన్లు మా వంటింటి దాకా వచ్చాయి.

తెల్లారాక మాత్ర మింగి, టీ తాగకుండానే వాళ్ళింటికి వెళ్ళాను. జగదల్‌పూర్ బస్సుకి ఆ పిల్లని నేనే తీసుకెళ్తాను, మొగుడొస్తే రానీ, లేకపోతే లేదు అనుకున్నాను. తలుపు తీసింది అతనే. మంచివాడే పాపం, కుర్చీ వేశాడు. పిల్ల ఏదని అడిగితే నవ్వుతా చెప్పాడు.

"పడుకుందండి ఆంటీ. ఈమధ్య ఎంత లేపినా లేవదు. దేవుడు మంచి నిద్ర ఇచ్చాడు."

"లేపు బాబూ" అన్నాను. అతను కదల్లేదు. నేను కుర్చీ జరిపేసి లోపలికి వెళ్ళి, ఆ పిల్ల భుజం పట్టుకుని ఊపడం మొదలుపెట్టాను.