ఆమె ముందే తెలుగులో

నాది నోటి దురుసు. చిన్నప్పటి నుంచీ అందరూ అంటూనే ఉన్నారు, నేనూ దాన్నొక గొప్పలాగే మోసుకు తిరిగాను. ఆ గొప్ప ఎక్కడ దిగిపోయిందో చెప్పాలని ఇది రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, రాయకుండా ఉంటే ఇంకా సిగ్గుగా ఉంది.

మా ఊరు తమిళనాడులో, పాలక్కోడు నుంచి మహేంద్రమంగళం పోయే దారిలో ఉంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాకు ఇదొక సౌకర్యం. బట్టల కొట్లో బేరం మధ్యలో, బస్సులో, ఆసుపత్రిలో, పక్కవాళ్లకు తెలియకూడని మాట ఏదైనా ఉంటే టక్కున తెలుగులోకి మారిపోతాం. ఎదురుగా మనిషి ఉండగానే ఆ మనిషి గురించి మాట్లాడేసుకుంటాం. అది తప్పని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అనుకోలేదు.

పోయినసారి పంచాయతీ ప్రెసిడెంటు పదవి ఆడవాళ్లకు వచ్చింది. ఆ ఎన్నికలో పార్టీ గుర్తులు ఉండవు గానీ, ఏ పార్టీ ఎవరి వెనక ఉందో ఊరందరికీ తెలుసు. మా పార్టీ తరఫున నిలబడతామని ఇద్దరు ముందుకొచ్చారు. ఇద్దరూ నిలబడితే ఓట్లు చీలిపోతాయి. అందుకని ఇద్దరి ఇళ్లకూ వెళ్లి, మాట్లాడి, ఒక్క పేరు తేల్చి పంపమని పైవాళ్లు ఊళ్లో ఐదుగురికి అప్పజెప్పారు. నలుగురు మగవాళ్లు. ఆడమనిషి కూడా ఒకరుండాలని నన్ను కలిపారు. మాది కిరాణా కొట్టు కాబట్టి ఊరంతా నాకు తెలుసు. ఐదుగురమూ తెలుగు ఇళ్లవాళ్లమే.

మొదటి ఆమె టమాటా మండీ యజమాని భార్య, మావాళ్లే. వాళ్లింట్లో మేము అడిగిన ప్రతిదానికీ భర్తే జవాబు చెప్పాడు. ఊళ్లో నీళ్ల ట్యాంకులు ఎన్ని ఉన్నాయని ఆమెనే అడిగితే, ఆమె భర్త ముఖం చూసింది. కేసరి మాత్రం బాగా చేసింది.

రెండో ఆమె తమిళ ఇంటి మనిషి. భర్త పోయి ఆరేళ్లు. మహిళా సంఘం నడిపేది, నూరు రోజుల ఉపాధి పని దగ్గర హాజరు రాసేది. మమ్మల్ని వసారాలో చాప వేసి కూర్చోబెట్టింది. ఏ వీధి కుళాయికి నీళ్లు ఎక్కవో, మోటారు ఎన్ని గంటలకు వేస్తే చివరి ఇంటి దాకా పోతాయో, ఏ ముసలమ్మకు పింఛను ఎందుకు ఆగిందో, కాగితం చూడకుండా చెప్పింది. నేను కావాలని తిరకాసు ప్రశ్నలు వేశాను. ఒక్కదానికీ తడబడలేదు. సరైన మనిషి ఈమేనని నాకు అక్కడే తెలిసిపోయింది. తెలిసిపోయినందుకే చిర్రెత్తుకొచ్చింది. మా ఇంట్లో కూలికి పని చేసి వెళ్లిన మనిషి రేపు ఆ కుర్చీలో కూర్చుంటే, కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడాల్సింది నేను.

ఆమె మజ్జిగ తేవడానికి లేచింది. వంటిల్లు నాలుగడుగుల దూరం, మధ్యలో తలుపు కూడా లేదు. మా ఐదుగురిలో ఒకడైన మా చిన్నాయన కొడుకు నా వైపు వంగి, "ఏమక్కా, ఏమంటావు? గట్టిగానే ఉండాది కదా మనిషి" అన్నాడు.

"గట్టిగా ఉంటే అయిపోయిందా? మొగుడు పోయిన మనిషి. గుడి పనికి, జెండా ఎగరేసేదానికి ఈమెనే ముందర నిలబెడతారా? పొద్దున్నే ఆ మొకము చూసి ఎవురు పోతారు పనికి? నిన్నటిదాకా మన ఇండ్లకి కూలికి వచ్చింది, రేపు మనము పోయి దానికి దండము పెట్టల్లనా?" అన్నాను.

నలుగురూ నవ్వారు. నేను గొంతు కూడా తగ్గించలేదు. తెలుగులో కదా మాట్లాడుతున్నాను.

ఆమె పళ్లెంలో ఐదు గ్లాసులు తెచ్చి, ముందు నాకే అందించింది. "తాగండక్కా. ఉప్పు చాలకుంటే చెప్పండి, ఇంకా రవంత వేస్తాను" అంది. తెలుగులో. అచ్చం మా అమ్మ యాసలో.

మా అమ్మ పక్షవాతంతో మంచం పట్టాక, ఆమె నోట తమిళం పూర్తిగా పోయింది. పుట్టినప్పటి తెలుగు ఒక్కటే మిగిలింది. నేను పగలంతా కొట్లో ఉంటే, ఎనిమిది నెలలు ఈమే వచ్చి అమ్మకు ఒళ్లు తుడిచింది, తల దువ్వింది, గంజి తాగించింది. అమ్మ రోజంతా ఆగకుండా మాట్లాడేది. ఎవరితో మాట్లాడుతోందని అనుకున్నాను నేను? ఈమె నాతో తమిళంలోనే మాట్లాడేది, నేనూ తమిళంలోనే పనులు చెప్పేదాన్ని. అమ్మ మాటలు ఈమెకు అర్థమై ఉంటాయని, జవాబు కూడా చెప్పి ఉంటుందని నాకు ఒక్కసారీ తట్టలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. మా అమ్మ కూడా భర్త పోయిన మనిషే. ఇరవై ఏళ్లు, ప్రతి ఉదయం నేను చూసి కొట్టుకు పోయింది ఆ ముఖమే.

వసారాలో మా చిన్నాయన కొడుకు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నేను తల ఎత్తకుండా మజ్జిగంతా తాగేశాను.

అంతవరకు నోటి తప్పు. తర్వాత చేసింది అంతకంటే పెద్దది. రెండు రోజులకు పేరు తేల్చడానికి మా కొట్టు వెనక గదిలో కూర్చున్నాం. ఇద్దరు ఈమె అన్నారు, ఇద్దరు మండీ ఆమె అన్నారు. నా మాట మీద ఆగింది. "ఆమెకే ఇస్తామక్కా. అన్ని మాటలు అనేసినాము, ఇదైనా చేస్తాము" అన్నాడు మా చిన్నాయన కొడుకు. వాడి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. నేను మండీ ఆమె పేరు చెప్పాను. గెలిచేది ఆమేనని కారణం కూడా చెప్పాను. అసలు కారణం అది కాదు. ఈమె ప్రెసిడెంటయితే ఐదేళ్లు ఆ ముఖం ఎదుట పడుతూనే ఉంటుంది, నేనన్న మాట నాకు గుర్తొస్తూనే ఉంటుంది. అది నేను తట్టుకోలేను. నా తప్పుకు శిక్ష ఆమెకు వేశాను.

మండీ ఆమె గెలిచింది. ఆఫీసు కుర్చీలో ఆమె భర్త కూర్చుంటాడు. చివరి వీధికి నీళ్లు ఇంకా ఎక్కడం లేదు.

చాలా రోజులు తప్పించుకు తిరిగి, చివరికి ధైర్యం చేసి ఆమె ఇంటికి వెళ్లాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. అన్నది తెలుగులోనే కదా, క్షమాపణా తెలుగులోనే అడగాలనుకున్నాను. "తప్పు మాటలు అనేసినానమ్మా. నీకు రావాల్సింది నేనే పోగొట్టినాను. దినామూ నీ మొకము చూసేదానికి భయపడినాను" అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

ఆమె చివరిదాకా విన్నది. చాప పరిచి కూర్చోమని చెయ్యి చూపించింది. తర్వాత తమిళంలో, ఎంతో మర్యాదగా, "నాకు తెలుగు రాదక్కా" అంది.