వకాల్తానామా మీద సంతకం

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా కిరాయి గదికి ఎదురుగా ఉన్న పెంకుటింట్లో నలుగురు వకీళ్ళు కలిసి పనిచేసేవాళ్ళు. వరండాలో నాలుగు బల్లలు. మొదటి బల్ల దగ్గర కొట్లాటలు, దొంగతనాలు, జైల్లో ఉన్నవాళ్ళను జామీను మీద విడిపించే పనులు. రెండో బల్ల దగ్గర మొగుడూపెళ్ళాల తగాదాలు. మూడోది లారీలు గుద్దిన కేసులకు. చివర కూర్చునే పెద్దాయనది భూముల పని. నల్లగొండ రైతులు సద్ది కట్టుకుని వచ్చి ఆయనకు కౌలు కాగితాలు చూపించేవాళ్ళు. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మిగతా ముగ్గురూ ఇక్కడివాళ్ళే. లోకంలో కష్టమన్నది ఏదైనా ఆ నాలుగు బల్లల దగ్గర తీరిపోతుందనుకునేదాన్ని. ఎంత పిచ్చిదాన్నో!

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని కాలేజీ పిల్లలంతా రోడ్డెక్కారు. మా అన్న కూడా వెళ్ళాడు. ఊరేగింపులో రాళ్ళు పడ్డాయని పోలీసులు వాణ్ణి పట్టుకుపోయి జైల్లో పెట్టారు. అప్పటికే వాడికి కళ్ళు పచ్చబడ్డాయి, అన్నం చూస్తే వాంతి. మాకు నాన్న లేడు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని మొదటి బల్ల దగ్గరికి పోయింది.

"అక్కా, తెలంగాణ కోసం మేం కోర్టులు బంద్ పెట్టినం. గిదంతా మీ పోరగాని కోసమే గదా. నేనే పోతే ఎట్ల?" అన్నాడు ఆ వకీలు.

"నా కొడుకు కోసమే అయితే నా కొడుకును తీస్కరా సారూ" అని అమ్మ బోరుమంది. అయినా ఆయన రానన్నాడు. మరో ఇద్దరిదీ అదే మాట.

కోర్టుకు వెళ్తానన్నది చివరి బల్ల పెద్దాయనొక్కడే. జామీను కేసు పట్టి ఇరవై ఏళ్ళయిందట. పుస్తకాలు ముందేసుకుని పొద్దంతా దరఖాస్తు రాశాడు. తనను వకీలుగా పెట్టుకుంటున్నట్టు వకాల్తానామా మీద అన్న సంతకం చేయాలని చెప్పి, కాగితమిచ్చి మమ్మల్ని జైలుకు పంపాడు.

అన్న అందులో ఆయన పేరు చదివాడు. "ఆంధ్రా వకీలు విడిపిస్తే బయటికొచ్చి నా దోస్తులకు మొకమెట్ల సూపియ్యాలె? నేను పెట్ట" అన్నాడు. అమ్మ ఎంత బతిమాలినా గోడవైపే తిరిగి నిలబడ్డాడు. పాడు మొండితనం! అన్న సంతకం ఉందో లేదో చూడకుండానే జైలు గుమాస్తా ముద్ర కొట్టి కాగితం మా చేతికిచ్చాడు.

బస్సు కోసం నిలబడినప్పుడు అమ్మ ఆ కాగితం నా ముందు పెట్టింది. "అన్న సంతకం నీకొస్తది గదా బిడ్డా" అంది. వచ్చు. వాడి నోటుబుక్కులు చూసి సరదాకి నేర్చుకున్నాను. పెట్టేశాను.

పెద్దాయన కాగితం అటూ ఇటూ తిప్పి, అమ్మను వదిలేసి నన్ను అడిగాడు. "నిజం చెప్పు తల్లీ. ఇది అన్నయ్యే పెట్టాడా?"

ఆయనంటే నాకు చాలా గురి. అబద్ధం నోటికి రాలేదు. తల అడ్డంగా ఊపి, అన్న వద్దన్న సంగతి చెప్పేశాను. అప్పుడు అమ్మ నావైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను.

"అతను వద్దన్నాక అతని తరఫున నేను నిలబడకూడదమ్మా. నేనే వెళ్ళి అడుగుతాను" అన్నాడాయన. మర్నాడే వెళ్ళాడు. అన్న కలవనన్నాడు. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళాడు, అప్పుడూ అంతే. మూడోసారి వెళ్ళేసరికి అన్నను జైలు దవాఖానలో పడుకోబెట్టారు, వాడికి తెలివి లేదు. రెండు రోజులకు మా ఇంటికి శవం వచ్చింది.

నలుగురు వకీళ్ళూ వచ్చారు. ముగ్గురు అన్నను అమరుడన్నారు. పెద్దాయన మాత్రం వెళ్ళబోతూ నా పక్కన గొంతుక్కూర్చుని, "నేను అడగకుండా ఉండాల్సింది తల్లీ" అన్నాడు.

ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. నిజమే చెప్పాలని వాళ్ళకు నేనూ నేర్పుతాను. కానీ ఏ పిల్లనైనా నిజం చెప్పమని నిలదీసే ముందు, ఆ నిజాన్ని తర్వాత మోయాల్సింది ఎవరో ఆలోచిస్తాను. ఒక్కోసారి అడగకుండానే ఊరుకుంటాను. ఆ పెద్దాయన దగ్గర నేర్చుకున్నది అదే. అమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ ఆ సంగతి ఎత్తలేదు. ఒక్కసారి నోరారా తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.