‘ప్రస్తుతానికి’ బాబాయి

మా బాబాయికి వర్క్‌షాపులో అందరూ పెట్టిన పేరు ‘ప్రస్తుతానికి’. ఏది బాగు చేసినా చివర్న ఆ మాట అనకపోతే ఆయనకు తోచదు. ఇంట్లో కుళాయికి గుడ్డ పీలిక చుట్టాడు, ప్రస్తుతానికి. వంటగది తలుపు గడియ ఊడితే తాడు కట్టాడు, ప్రస్తుతానికి. ఆ తాడు కట్టేనాటికి నేను బడిలో ఉన్నాను. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను, తాడు అలాగే ఉంది. అలాగని చేతకాని మనిషేం కాదు. కృత్రిమ కాళ్లు తయారుచేసే ఆ వర్క్‌షాపులో కంప్యూటర్లన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. ఒక్కటి మొరాయించినా ఆ పూట అన్నం సయించదు.

పిన్ని కూడా అక్కడే పనిచేస్తుంది. మోకాలి కింద కాలు లేనివాళ్లకు తొడుగు ఎలా ఉండాలో తెర మీద నమూనా గీసిస్తే, కింద గదిలో దాన్ని తయారుచేస్తారు. అలాంటి మనిషి వర్క్‌షాపు మెట్ల మీదే జారి కాలు విరగ్గొట్టుకుంది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ అదే జోకు వేస్తుంటే పిన్ని నవ్వలేక చచ్చింది.

సరిగ్గా అప్పుడే ఉడుతకు కొత్త కాలు కావాల్సి వచ్చింది. ఉడుత అంటే రెండో తరగతి చదివే పిల్ల. అది నడక నేర్చిన నాటి నుంచీ దానికి కాళ్లు గీస్తున్నది పిన్నే. ఎదిగే పిల్ల కదా, తొడుగు ఊరికే బిగుతైపోతుంది. ఈసారి ఒరుసుకుని పుండు పడింది. కాలు తీసి పక్కన పెట్టేసి, బడి మానేసి ఇంట్లో కూర్చుంది. సాయంత్రంలోగా నమూనా రాకపోతే కొలతలు వేరే ఊరి వర్క్‌షాపుకు పంపేస్తానన్నాడు మేనేజరు. ఆయన్నీ తప్పు పట్టలేం.

“దానికి లోపలి ఎముక దగ్గర కొంచెం ఖాళీ వదలాలి. అది కొలతల్లో ఎక్కడుంటుంది?” అంది పిన్ని.

“వాళ్లకి ఫోన్‌ చేసి చెప్పొచ్చుగా పిన్నీ.”

“చెప్తే వచ్చేది కాదే. ఆ చోటుకొచ్చేసరికి నా చెయ్యే ఆగుతుంది.”

చిక్కేమిటంటే, గీసే ప్రోగ్రాము బాగా పాతది. పై అంతస్తులో పిన్ని బల్ల మీదున్న కంప్యూటర్లో తప్ప ఎక్కడా నడవదు. దానికి బాబాయి ఒక ఉపాయం చెప్పాడు. ఇంట్లో లాప్‌టాప్‌ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌ అనే భద్రమైన దారిలో ఆ కంప్యూటర్లోకి వెళ్లాలి. ప్రోగ్రాము అక్కడే నడుస్తుంది, దాని విండో మాత్రం ఇక్కడ తెరుచుకుంటుంది. లాప్‌టాప్‌ పిన్ని ఒళ్లో పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టి, పొద్దున్నే ఆయన వర్క్‌షాపుకు వెళ్లిపోయాడు.

లోపలికి వెళ్లగలిగాం. ప్రోగ్రాము పేరు కొట్టాం. ఏమీ రాలేదు. విండో రాకపోతే పోయె, కనీసం ఒక తిట్టు కూడా రాలేదు.

“ఎర్రర్‌ ఏమొచ్చింది?” అన్నాడు బాబాయి ఫోన్లో.

“ఏమీ రాలేదు బాబాయ్‌.”

“ఏదో ఒకటి వచ్చుంటుంది, సరిగ్గా చూడు.”

“కళ్లజోడు పెట్టుకునే చూస్తున్నా.”

విండోలు బయటికి పంపే అనుమతి ఉందా అని చూశాడు. ఉంది. అయినా ఆ దారిని నడిపే సర్వీసును ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. అనుమతి తాళాలుండే ఫైలు తుడిచి కొత్తది చేయించాడు. పెద్ద ప్రోగ్రాము రాలేకపోతోందేమో, చిన్న గడియారం బొమ్మ తెరిచి చూడమన్నాడు. గడియారమూ రాలేదు. ఆయన అక్కడ కింద తన బల్ల దగ్గర్నుంచే ఒకటి మార్చడం, మేమిక్కడ గడియారాన్ని పిలవడం, మధ్యాహ్నందాకా ఇదే పని. పిన్ని కోపం వస్తే ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి. ఆ రోజు అరవకపోయేసరికి నాకు భయమేసింది.

“పోనీ, వాళ్లకే పంపెయ్యమను,” అంది చివరికి. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది.

అంతలో ఫోన్లోంచి ఇంకో గొంతు వినిపించింది. పై అంతస్తులో ప్లాస్టరు అచ్చులు పోసే ఆయన మెట్లు దిగి బాబాయి దగ్గరికొచ్చాడు.

“ఏమయ్యా ప్రస్తుతానికీ! మీ ఆవిడ బల్ల మీద గడియారాలు మొలుస్తున్నాయేంటి? తెర నిండా అవే. మనిషి లేకుండా ఎవరు తెరుస్తున్నారయ్యా?”

బాబాయి పైకి పరిగెత్తిన చప్పుడు వినబడింది. కాసేపటికి, “దొరికింది,” అన్నాడు. ఆ గొంతులో సంతోషమేం లేదు. “తప్పు నాదే.”

ఎప్పుడో ఆ ప్రోగ్రాము, తెర ఎక్కడుందో తెలియడం లేదని రోజూ మొరాయించేదట. పిన్ని పోరు పడలేక ఆమె లాగిన్‌ సెట్టింగుల్లో బాబాయి ఒక లైను రాసిపెట్టాడు: ఎటునుంచి వచ్చినా సరే, విండోను ఈ బల్ల మీది తెరలోనే తెరువు. పిన్ని రోజూ అక్కడే కూర్చునేది కాబట్టి ఇన్నేళ్లూ దానితో ఏ బాధా లేకపోయింది. జారిపడ్డ రోజు ఆమె వదిలేసి వచ్చిన కంప్యూటరు ఇంకా ఆమె పేరుతోనే నడుస్తోంది. మేం పిలిచినవన్నీ బుద్ధిగా వెళ్లి అక్కడ తెరుచుకున్నాయి. ఎర్రర్‌ రాలేదంటే ఎక్కడో తెరుచుకున్నట్టేనని ఆయనకు తట్టాల్సింది, తట్టలేదు.

“ప్రస్తుతానికి అనుకుని రాశాను,” అన్నాడు నసుగుతూ.

ఇక అయిపోయాడు అనుకున్నాను. పిన్ని మాత్రం, “ఆ రోజు ఏదో ఒకటి చెయ్యమని మీ ప్రాణం తీసింది నేనేగా. ముందు అది తుడిచెయ్యండి,” అంది. ఇన్నేళ్లలో పిన్ని ఆయన్ని అలా వెనకేసుకురావడం నేను చూడలేదు. ఆ క్షణంలో ఇద్దరూ నాకెంతో ముద్దొచ్చారు.

ఆయన ఆ లైను తీసేశాక, కంప్యూటర్లోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాం. ఈసారి విండో మా లాప్‌టాప్‌లోనే తెరుచుకుంది. మౌసు కదిపితే గీత ఆగి ఆగి వచ్చేది. పిన్ని ఊపిరి బిగబట్టి గీసింది. ఒకచోట చెయ్యి ఆగింది, కొంచెం వెడల్పు చేసింది, మళ్లీ కదిలింది. మేనేజరు ఇంటికి బయల్దేరకముందే నమూనా కింద గదికి చేరింది.

కొన్నాళ్లకు ఉడుత వాళ్లమ్మను వెనకాల వదిలేసి మా మెట్లెక్కి వచ్చింది. భుజాన బడి సంచీ ఉంది.

“ఎక్కడన్నా ఒరుసుకుంటోందా?” అని అడిగింది పిన్ని.

“ఊహూ.” పిల్ల గది అంతా చూసింది. గోడకు ఆనించి ఉన్న చేతికర్రలు చూసింది. “నువ్వెందుకు నడవట్లేదు?”

డాక్టరు నడవమని చెప్పి చాలా రోజులైంది. మేం అడిగినప్పుడల్లా రేపు, రేపు అనేది. పిల్లతో మాత్రం, “భయంగా ఉందమ్మా,” అంది.

“నాకూ మొదట్లో ఏడుపొచ్చేది,” అంది ఉడుత. “మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలెయ్యాలి. దిగేటప్పుడు ముందు బాగోని కాలు. అంతే.”

ఎన్ని కాళ్లు గీసిందో లెక్కలేని మనిషి, పాఠం వింటున్నట్టు తలూపుతూ వింది. బాబాయి కర్రలు తెచ్చి అందించాడు. పిన్ని లేచి నిలబడింది. ఉడుత ఆమె ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ రెండు చేతులూ చాపింది.

“మెల్లగా రా కాళ్లత్తా. నేను పట్టుకుంటాగా.”