మగదని కొన్న కుందేలు

నందిగామలో నేను పనిచేసే బడికి వెళ్ళే దారిలో ఒక కలప అడితి ఉంది. వాన వెలిసి ఎండ తగలగానే అక్కడి రంపపు పొట్టు కుప్పల నుంచి తియ్యగా, కొంచెం వగరుగా ఒక వాసన లేస్తుంది. నాతో నడిచే టీచర్లు దాన్ని పట్టించుకోరు. నేను మాత్రం ఆ నాలుగడుగుల మేర తెలియకుండానే నెమ్మదిస్తాను. పదకొండేళ్ళ పిల్లనై, జగ్గయ్యపేటలో మా పెరట్లో ఆపిల్ పళ్ళ చెక్కపెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇనుప జాలీకి ముక్కు ఆనించి లోపలికి చూస్తున్నట్టుంటుంది. ఆ పెట్టె దగ్గర నేను చేసిన పని చాలా ఏళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న జగ్గయ్యపేట పక్క పల్లెలో ప్రైమరీ బడి మాస్టారు. మేమున్నది ఊరి చివర, సున్నపురాతి క్వారీలకు దగ్గరగా, ఒకే కప్పు కింద వరసగా కట్టిన ఐదు వాటాల్లో చివరి వాటా. పొద్దున్నే కడిగిన నాపరాళ్ళ మీద మధ్యాహ్నానికల్లా వేలితో పేరు రాసుకునేంత దుమ్ము పేరుకునేది. జామాకులు, దండెం మీది బట్టలు, గోడ మీద పడుకున్న పిల్లి, అన్నీ సాయంత్రానికి ఒకే బూడిదరంగులోకి తిరిగేవి. అమ్మ కరివేపాకును రెండుసార్లు కడిగితే గాని తాలింపులో వేసేది కాదు. రోజూ మధ్యాహ్నం రాళ్ళు పేల్చే ముందు క్వారీలో సైరన్ మోగేది, కాసేపటికి భూమి లోపల ఎవరో పెద్ద తలుపు విసురుగా వేసినట్టు ఒక దెబ్బ, వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. పుట్టినప్పటి నుంచి వింటున్న మాకు అదొక గడియారం. తొక్కుడుబిళ్ళ ఆడుతుండగా సైరన్ మోగితే, దెబ్బ వినపడేదాకా ఒంటికాలి మీదే నిలబడాలన్నది మా వాటాల పిల్లలం పెట్టుకున్న పందెం.

ఆ ఏడు నవంబరులో అమ్మ చందర్లపాడు వెళ్ళి ఎస్తేరు పిన్నిని తీసుకొచ్చింది. అమ్మకు ఒక్కతే చెల్లెలు. పెళ్ళయి ఐదేళ్ళు. రెండోసారి కూడా కడుపు నిలవలేదు, ఐదో నెలలో పోయింది. నాకు మాత్రం పిన్నికి ఒంట్లో బాగాలేదని, రెండు నెలలు మన దగ్గరే ఉంటుందని, విసిగించొద్దని చెప్పారు. అంతకుముందు పిన్ని వస్తే ఇల్లంతా మాటలే. చేలో మిరపకాయలు కోసే ఆడవాళ్ళు ఎవరెవరిని ఎలా వెక్కిరించారో గొంతులు మార్చి చెప్పేది, నా జడ మూడు రకాలుగా అల్లి మూడూ విప్పేసేది. ఈసారి వచ్చిన పిన్ని పెరటి గడప మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ ఉండేది. రాళ్ళన్నీ అయిపోయాక కూడా ఏరుతూనే ఉండేది.

ఆమెకూ నాకూ కాలక్షేపంగా ఉంటుందనుకుందో ఏమో, ఏడాదిగా నేను పోరుతున్న కుందేలుకు అమ్మ అప్పుడు ఒప్పుకుంది. బస్టాండు బయట వెదురు బుట్టలో కుందేళ్ళు పెట్టుకుని ఒకతను కూర్చునేవాడు. అమ్మ అడిగింది ఒకటే ప్రశ్న, మగదా ఆడదా అని.

"మగదేనమ్మగారు. పిల్లల గోల ఉండదు. కావాలంటే కాయితం మీద రాసిస్తా" అన్నాడు.

తెల్లటి ఒళ్ళు, చెవుల అంచున ఊదారంగు. దానికి రాజు అని పేరు పెట్టాను. నాన్న ఆపిల్ పళ్ళ పెట్టెకు జాలీ కొట్టి తలుపు చేశాడు. వడ్రంగి కొట్టు నుంచి సంచీడు రంపపు పొట్టు తెచ్చి లోపల పరిచాం. బడి నుంచి రాగానే సంచి విసిరేసి కాలవ గట్టు మీద గరిక కోసుకొచ్చేదాన్ని. వారం తిరిగేసరికి రాజుకు కోపం ఎక్కువైంది. ఎత్తుకోబోతే గీరేది, ముల్లంగి ఆకు అందిస్తే ముఖం తిప్పుకునేది. నామీద ఇష్టం లేదని నేను రెండు రోజులు ఏడ్చాను.

ఒక ఆదివారం ఆరాధన ముగిసి గుడి నుంచి వచ్చాక పిన్ని పెరట్లోంచి పిలిచింది. "కరుణా, ఇట్రా."

కుందేలును ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో వీపు పట్టుకుని, రెండో చెయ్యి పొట్ట కింద ఉంచి కూర్చుంది. నా చెయ్యి తీసుకుని తన చేతి పక్కన పెట్టింది. "నొక్కమాకు. ఊరికే ఉంచు." మెత్తటి బొచ్చు కింద, వేడి చర్మం వెనక, చిక్కుడు గింజల్లాంటివేవో మెదిలాయి. ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాను.

"అక్కా, మీ రాజు కడుపుతో ఉందే" అంది పిన్ని వంటింటి వైపు చూసి.

అమ్మ గరిటె చేత్తోనే బయటికి వచ్చింది. కాసేపు కుందేలునీ, కాసేపు చెల్లెలి ముఖాన్నీ చూసింది. "ఆ బస్టాండాయన దొరకాలి, రాసిస్తానన్న కాయితం అడుగుతా" అంది. పిన్ని నవ్వింది. మా ఇంటికొచ్చాక ఆమె నవ్వగా వినడం అదే మొదలు. అమ్మ గబగబా లోపలికి వెళ్ళిపోయింది, కళ్ళు తుడుచుకోవడానికని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ రోజు నుంచి పెట్టె పిన్నిది. గాలి తగలకుండా పెరటి మూలకు జరిపింది, ముందు గోనెపట్టా వేలాడదీసింది, కొత్తిమీర కాడలు ఒక్కొక్కటే అందించేది. ఇంట్లో అప్పటికి క్రిస్మస్ హడావుడి మొదలైంది. వాటాలన్నిటి ముందూ వెదురుబద్దలకు రంగు కాగితాలంటించిన నక్షత్రాలు, డిసెంబరం పూల దండలు, అరిసెల పాకం వాసన, కజ్జికాయల్లో పెట్టే కొబ్బరిని మా నుంచి దాచడానికి అమ్మ పడే అవస్థ. పిన్ని అరిసెలు ఒత్తుతూ ఒత్తుతూ లేచి వెళ్ళి పెట్టెలోకి తొంగిచూసి వచ్చేది. రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ గొంతులు మార్చి కబుర్లు చెప్పసాగింది.

క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా ఒక పొద్దున, "రొమ్ము మీది బొచ్చు పీక్కుని పక్క వేసుకుంటోందక్కా" అని అమ్మతో చెబుతుంటే విన్నాను. మర్నాటికి ఆ బొచ్చు గూడులో ఆరు పిల్లలున్నాయి, బొటనవేలంత, ఎర్రగా, కళ్ళు మూసుకుని, ఒకదాని మీద ఒకటి పడి, ఊపిరికి అన్నీ కలిపి కదులుతూ. పిన్ని నాకు ఒక్కసారి చూపించి గోనెపట్టా దించేసింది.

"వారందాకా ఎవ్వరూ చెయ్యి పెట్టకూడదు. వీటికి ఒంటిమీద బొచ్చు లేదు, చలికి తట్టుకోలేవు. ఇంటావా?"

"ఇంటా" అన్నాను.

సండేస్కూల్ క్రిస్మస్ నాటకంలో మా జట్టు ముగ్గురం గొల్లల వేషాలు వేస్తున్నాం. మిగతా ఇద్దరికీ ఆరు పిల్లల సంగతి చెప్పకుండా ఉండటం నావల్ల కాలేదు. చెబితే నమ్మలేదు. మగ కుందేలని నువ్వే చెప్పావు కదా అన్నారు. మూడో రోజు మధ్యాహ్నం అమ్మా పిన్నీ స్త్రీల ప్రార్థనకు వెళ్ళగానే వాళ్ళిద్దరినీ పెరట్లోకి తీసుకొచ్చాను. చూసి వెళ్ళిపోతాం అన్నారు, చూశాక పట్టుకుంటాం అన్నారు. తల్లికి గరిక వేసి, ఆరింటినీ ఒక్కొక్కటిగా తీసి నా గౌను ఒళ్ళో పోసుకున్నాను. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాం. ఎంతసేపో తెలియదు, చాలాసేపే అయివుంటుంది. ఒంటి మీద వేడి తగ్గి అవి చల్లబడుతున్నట్టు చేతికి తెలిసింది. తెలిసీ ఇంకాసేపు ఉంచుకున్నాను, వాళ్ళిద్దరూ నన్ను అంత గొప్పగా చూడటం అంతకుముందెప్పుడూ లేదు.

సైరన్ మోగింది. ఇళ్ళల్లో వెతుకుతుంటారని వాళ్ళు గోడ దూకి పరిగెత్తారు. దెబ్బ పడగానే తల్లి వెనక్కాళ్ళతో పెట్టెను టపటప తన్నింది. నాకు భయం వేసింది. పిల్లల్ని రెండు దోసిళ్ళతో తలుపు దగ్గరి పొట్టు మీదే పెట్టేసి గోనెపట్టా దించాను. పిల్లి తన కూనల్ని కరుచుకున్నట్టు తల్లే నోట కరుచుకుని గూట్లోకి చేర్చుకుంటుందనుకున్నాను. కుందేళ్ళు అలా చెయ్యవని అప్పటికి నాకు తెలియదు.

సాయంత్రం పిన్ని వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అడిగింది. "బాగున్నాయా?"

"బాగున్నాయి పిన్నీ."

కదిలిస్తే మంచిది కాదని ఆమె గోనెపట్టా ఎత్తలేదు. ఆ మాట తనే నాకు మళ్ళీ చెప్పి, లోపలికి వెళ్ళి దీపం ముందు చక్రాల పిండి కలిపింది. వెళ్ళి గూట్లో పెట్టేసి రావడానికి నాకు పడుకునేదాకా సమయం ఉంది. వెళ్ళలేదు. వెళితే ఎందుకని అడుగుతారని వెళ్ళలేదు.

పొద్దున్నే మంచులో పిన్ని పెట్టె ముందు కూర్చుని ఉంది. ఆరూ తలుపు దగ్గరే ఉన్నాయి, నేను పెట్టినచోటే, రంగు మారి. తల్లి వెనక మూల బొచ్చు గూడు పక్కన ముడుచుకుని ఉంది. పిన్ని వాటిని ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుని ఊదింది. చాలాసేపు ఊదింది. అమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వేమన్నా తీశావా కరుణా?" పిన్ని నా వైపు తిరక్కుండానే అడిగింది. కోపంగా కాదు.

"నేను ముట్టుకోలా పిన్నీ."

"అయితే నేనే. నిన్న పొద్దున తలుపు దగ్గర తడిసిన పొట్టు మార్చా. గూడు కదిలిందేమో." తన చేతుల్ని తిప్పి చూసుకుంది. "నా చెయ్యి మంచిది కాదక్కా."

"జంతువులన్నాక పోతుంటాయి, నువ్వు లేవవే" అంది అమ్మ.

జామచెట్టు కింద నాన్న చిన్న గొయ్యి తీశాడు. ఆ ఏడు గొల్లల వేషంలో నేను చెప్పాల్సిన రెండు మాటలూ మర్చిపోయాను, అందరూ నవ్వారు, పిన్ని ముందు వరసలో నవ్వకుండా కూర్చుంది. పండగ వెళ్ళగానే బాబాయి వచ్చి ఆమెను చందర్లపాడు తీసుకెళ్ళాడు. కుందేలును నాన్న నందిగామలో పెద్ద పెరడున్న తోటి మాస్టారికి ఇచ్చేశాడు. నేను వద్దనలేదు.

ఇంతటితో అయిపోతే ఇది చిన్నపిల్ల చేసిన తప్పుగా ఎప్పుడో మరుగున పడేది. మరో రెండేళ్ళకు బాబాయి తమ్ముడికి మూడో ఆడపిల్ల పుట్టింది. పుట్టిన పిల్లను పిన్ని పెంచుకోవాలని అత్తగారు, తోటికోడలు, బాబాయి అందరూ అనుకున్నారు. ఉయ్యాల కూడా సిద్ధం చేశారట. పిన్ని ఒప్పుకోలేదు. అమ్మ వెళ్ళి మూడు రోజులుండి బతిమాలి వచ్చింది. వచ్చిన సాయంత్రం వంటింట్లో నాన్నకు చెబుతోంది, నేను పక్కగదిలో లెక్కలు చేస్తున్నాను.

"నా చేతిలో పడితే బతకదక్కా అంటదండి. ఎక్కడెక్కడివో చెప్పింది. ఆఖరికి ఆ కుందేలు పిల్లల సంగతి కూడా చెప్పింది, గుర్తుందా మీకు?"

నాన్న గుర్తులేదన్నాడు. నాకు పదమూడేళ్ళు. అన్నీ తెలిసే వయసు. లేచి నాలుగడుగులు వేసి వంటింట్లోకి వెళితే చాలు. పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాను. ఆ మధ్యాహ్నపు సరదాకైనా, భయానికైనా నన్ను నేను క్షమించుకోగలిగాను గాని, పెన్సిల్ చెక్కిన ఆ సాయంత్రాన్ని క్షమించుకోలేకపోయాను.

ఆ పిల్ల వాళ్ళ అమ్మ దగ్గరే పెరిగింది. బాగా చదువుకుంది. పిన్నిని పెద్దమ్మా అని పిలుస్తుంది, పండక్కి చీర తెస్తుంది. ఆ పిల్ల పెళ్ళిలో పిన్ని వెనక వరస కుర్చీలో కూర్చుని అందరూ తిన్నారా లేదా కనుక్కుంటూ ఉంది.

పోయిన నెల పిన్నికి నందిగామలో కంటి ఆపరేషన్ అయింది. చుక్కల మందు వేళకు వెయ్యాలని వారం రోజులు మా ఇంట్లోనే ఉంచుకున్నాను. మూడో రోజు పొద్దున ఆమె తల వెనక్కి వాల్చి, రెండు కళ్ళూ మూసుకుని కూర్చుంది. చుక్కలు వేసి, దూదితో తుడుస్తూ చెప్పేశాను. ఆ స్నేహితుల సంగతి, గౌను ఒడి, సైరన్, తలుపు దగ్గర పెట్టెయ్యడం, అబద్ధం, వంటింట్లో మాటలు వినడం, అన్నీ. ఆమె కళ్ళు తెరవలేదు. మందు ఇంకేదాకా తెరవకూడదని నేనే చెప్పాను.

"ఆరు కదా" అంది.

"ఆరు పిన్నీ."

"నేను పొట్టు మార్చినందుకు కాదన్నమాట."

"కాదు."

తిడుతుందేమోనని చూశాను, చిన్నపిల్లవి నీకేం తెలుసులే అంటుందేమోనని కూడా చూశాను. రెండూ అనలేదు.

"అప్పుడే చెప్పుంటే బాగుండేదే, కరుణా" అంది.

మిగతా నాలుగు రోజులూ మామూలుగానే ఉంది. నా పిల్లలకు మిరప చేలో ఆడవాళ్ళ గొంతులు చేసి చూపించింది. వెళ్ళే రోజు నందిగామ బస్టాండులో ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచి కాళ్ళ దగ్గర సర్దాను. బస్సు కదలబోతుండగా అడిగింది.

"జగ్గయ్యపేటలో ఆ వాటాలున్నాయా ఇంకా?"

"లేవు పిన్నీ. కొట్టేసి గోడౌన్ కట్టారు. రాళ్ళ లారీలు ఆగుతాయక్కడ."

"పెరడు? జామచెట్టు?"

"అదంతా సిమెంట్ చేసేశారు."

ఆమె తలూపింది. బస్సు చందర్లపాడు రోడ్డు వైపు తిరిగింది. నల్లకళ్ళద్దాలతో కిటికీ వైపే ముఖం పెట్టి ఉంది గాని, నన్నే చూస్తోందో, రోడ్డునే చూస్తోందో నాకు తెలియలేదు.